అంగుళం మట్టి

ఎలీన్ హాల్వర్సన్ దొంగచాటుగా పొలం దున్నిందని కంపెనీ తేల్చేసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ డెబ్భై ఎకరాల్లో నాగలి దిగలేదని ఆవిడ రాసిచ్చిన కాగితం అబద్ధమని కూడా తేల్చేసింది. పది రోజుల కిందట ఉత్తరం వెళ్ళింది. మంగళవారం పొద్దున్నే దామోదర్ ఆ ఫైలు తెచ్చి ఉమామహేశ్వరి బల్ల మీద పెట్టాడు.

"ఈ ముసలామె రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నది ఉమా. జర నువ్వే పోయి తాడు పరిచి లెక్క తీయి, ఫోటోలు కొట్టు. ఫైల్ క్లోజ్ చేద్దాం. థాంక్స్‌గివింగ్ ముందర నాకు ఈ తలనొప్పి వద్దు."

దున్నని పొలాల్లో మట్టి ఎంత కర్బనం దాచుకుందో కొలిచి సర్టిఫికెట్ ఇవ్వడం ఆ కంపెనీ పని. నేలని కదపకుండా వదిలేస్తే చొప్పా వేర్లూ అక్కడే మాగి మట్టి నల్లబడుతూ వస్తుంది. దున్నితే గాలి తగిలి ఆ నలుపంతా కొన్నాళ్ళకి ఆకాశంలో కలిసిపోతుంది. ఎలీన్ పొలంలో నాలుగేళ్ళ కిందట కొలిచినదానికంటే ఇప్పుడు కర్బనం తగ్గింది. దున్ని ఉంటేనే తగ్గుతుందని కంపెనీ లెక్క. అంతకంటే ఆలోచించే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

ఆ మట్టి తీసింది ఉమే. మూడేళ్ళు ల్యాబ్‌లో కూర్చుని పనిచేసిన మనిషి, పొలాల మీదికి వెళ్ళడం ఈ అక్టోబరే మొదలు. తను తెచ్చిన సంచుల్ని దామోదర్ మీటింగ్‌లో ఎత్తి చూపించాడు కూడా. "చూడండి, ఒక్క గడ్డిపరక లేదు. పిండి జల్లించినట్లు తెచ్చింది" అన్నాడు. ఉమకి శుభ్రం పిచ్చి. పొయ్యి గట్టు మూడుసార్లు తుడిస్తే గాని ఆమెకి నిద్ర పట్టదు. ఆ పిచ్చిని ఆఫీసులో మెచ్చుకున్నారని రెండు రోజులు ఇంట్లో భర్త భానుప్రకాష్‌ని అదే చెప్పి కాల్చుకు తింది.

ఇప్పుడు ఫైలు చూడగానే ఆమెకి వెళ్ళబుద్ధి కాలేదు. కోపంగా ఉన్న రైతు ముందుకి ఒంటరిగా వెళ్ళాలి. వెళ్ళనని అనడానికి లేదు. భాను ఉద్యోగం జూన్‌లో పోయింది. ఇద్దరి వీసాలూ ఇప్పుడు ఆమె ఉద్యోగానికే వేలాడుతున్నాయి. ఆమె హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్‌కి కంపెనీ ఇవ్వాల్సిన ఉత్తరం మూడు వారాలుగా దామోదర్ సంతకం కోసం ఎదురుచూస్తోంది.

"వెళ్తాను దామోదర్ గారూ" అంది.

*

ఆఫీసున్న అరోరా నుంచి ఎలీన్ పొలం పడమటికి గంట దూరం. ఎలీన్ వరండా మెట్ల మీద నిలబడి ఉంది. పొడుగాటి మనిషి, డెబ్భై దాటిన వయసు, చెవులమీదికి లాక్కున్న ఉన్ని టోపీ. అరుస్తుందనుకున్న మనిషి అరవలేదు. కారు దిగిన ఉమని తేరిపార చూసి, "అక్టోబర్‌లో వచ్చింది మీరేగా" అంది.

"అవునండీ, నేనే."

"మంచిది. మిమ్మల్నే పంపారు" అంటూ ఒక కప్పు కాఫీ చేతికిచ్చింది.

ఆ 'మంచిది' ఏమిటో ఉమకి అంతుపట్టలేదు. కాఫీ తాగుతుండగా ఎలీన్ సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పేసింది. పొలం ఆవిడది కాదు, పెదనాన్న కొడుకు గ్యారీది. షికాగోలో ఉంటాడు. కార్బన్ ప్రోగ్రామ్‌లో పొలం ఉన్నంతకాలం కౌలు ఆవిడకే అన్నాడు. ఉత్తరం నకలు అతనికీ వెళ్ళింది. శుక్రవారం మధ్యాహ్నం వస్తున్నాడు. పక్క పొలం డెకర్ కౌలుకి కాచుకుని ఉన్నాడు, అతని నాగలి షెడ్డు బయట సిద్ధంగా పెట్టుకున్నాడు. నేల గడ్డకట్టేలోపు ఒకసారి దున్నేయాలని అతని తొందర.

"అటు చూడండి, కనిపిస్తుంది" అంది ఎలీన్.

రోడ్డవతల ఎర్రరంగు నాగలి, వంగిన ఉక్కు కొక్కేలు వరసగా. ఉమ చూసి, చూపు తిప్పుకుంది.

"అది ఒక్క మధ్యాహ్నం తిరిగితే చాలు. ఇరవై రెండేళ్ళది పోతుంది. నాకు మళ్ళీ ఇరవై రెండేళ్ళు లేవు" అంది ఎలీన్, కప్పు తీసుకుంటూ. లోపలికి వెళ్ళిపోయింది.

ఉమ తాడు తీసింది. వంద ముళ్ళు వేసిన తాడు అది. పొలానికి అడ్డంగా ఏటవాలుగా పరిచి, ఒక్కో ముడి దగ్గరా వంగి చూడాలి. ముడి కింద చొప్ప ముక్క ఉంటే ఒకటి, ఉత్త మట్టి ఉంటే సున్నా. దున్నిన నేలైతే ఇరవై ముప్ఫై కంటే రావు. ఆమె నడుం వంచి ఒక్కో ముడీ చూసుకుంటూ నడిచింది. మొక్కజొన్న కొయ్యకాళ్ళు ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నిరుటి సోయా పుల్లలు బూడిద రంగుకి తిరిగి ఉన్నాయి. వానపాములు నోటకరిచి లాక్కున్న ఆకుల కుచ్చులు అడుగడుక్కీ. వీటన్నిటి సందుల్లోంచి, నేలని కప్పి ఉంచడానికి ఎలీన్ సెప్టెంబర్‌లోనే చల్లించిన రై గడ్డి వేలెడంత పచ్చగా లేచింది. ఎనభై నాలుగు వచ్చింది.

ఎనభై నాలుగు! ఉమ నడుం నిమురుకుంటూ నిలబడిపోయింది. దున్నడం కాదు కదా, ఈ నేలమీద ఎవరూ గట్టిగా కాలు కూడా వేసినట్టు లేదు. మరి కర్బనం ఎలా తగ్గింది? ల్యాబ్‌లో సంచులు తారుమారయ్యాయా?

అక్టోబర్‌లో మట్టి తీసిన చోట్లు ఇరవై. అవీ ఫోటో తీసుకుపోదామని ఫోన్‌లో మ్యాప్ పట్టుకుని ఏడో గుర్తు దగ్గరికి వెళ్ళింది. అక్కడ పచ్చటి రై గడ్డి మధ్యలో ఒక చదరం. జానెడు పొడవు, జానెడు వెడల్పు, అంచులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. అందులో ఒక్క పరక మొలవలేదు. మధ్యలో, మట్టి తీసే ప్రోబ్ గొట్టం దిగిన గుండ్రటి చిల్లు. చదరం పక్కన చిన్న నల్లటి కుప్ప.

ఎవరు తవ్వారిది అనుకుంది ముందు. తరవాత గుర్తొచ్చింది.

తనే. మోకాళ్ళమీద కూర్చుని, చేతి పారతో పైన చొప్పంతా తీసేసి, ఇంకా నలుసులు కనిపిస్తున్నాయని గీకి, మళ్ళీ గీకి, గోధుమరంగు మట్టి శుభ్రంగా తేలాక అప్పుడు ప్రోబ్ దించింది. గీకినదంతా చెత్త అనుకుని పక్కన పోసింది.

ఉమ వంగి ఆ చదరంలో వేలు పెట్టింది. అంగుళం లోతు ఉంది. కుప్పలోంచి గుప్పెడు తీసుకుంది. తేలికగా, నల్లగా, వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలుతూ. అందులో చొప్ప ముక్కలు తక్కువ, మట్టే ఎక్కువ. దున్నని నేలలో మట్టి దాచుకునేదంతా పైపొరలోనే ఎక్కువ ఉంటుందని కాలేజీలో చదివింది, పరీక్షలో రాసింది, ఇక్కడ ల్యాబ్‌లో కొత్తవాళ్ళకి చెప్పింది కూడా. కంపెనీ ఏది పోయిందని ఉత్తరం రాసిందో అది ఇక్కడే, తన చేత్తో పోసిన కుప్పలో ఉంది.

ఎనిమిదో గుర్తు దగ్గరికి పరిగెత్తింది. అక్కడా చదరం, పక్కన కుప్ప. తొమ్మిది దగ్గరా అంతే. ఇరవై చోట్లా ఇరవై చదరాలు, ఎంత ముచ్చటగా చేసిందో!

తిరిగి వచ్చేసరికి ఎలీన్ మళ్ళీ మెట్ల మీద ఉంది. "ఏమైనా కనిపించిందా?" అని అడిగింది.

"లెక్క బాగానే వచ్చిందండీ. ఆఫీసులో చెప్తాను" అంది ఉమ, ఆవిడ మొహం చూడకుండా.

"అంతేనా?"

"అంతేనండీ."

ఎలీన్ తలూపింది. కారు మలుపు తిరిగేదాకా ఆవిడ అక్కడే నిలబడి ఉండటం అద్దంలో కనిపిస్తూనే ఉంది.

*

దారిలో పెట్రోల్ బంక్ దగ్గర కారు ఆపి రాగిణికి ఫోన్ చేసింది. నాలుగేళ్ళ కిందట ఆ పొలాల్లో మొదటిసారి మట్టి తీసింది రాగిణే. ఇప్పుడు మోరిస్‌విల్‌లో ఇంకేదో కంపెనీలో ఉంది.

"ఒసే, బతికున్నావా? ఏంటి, పట్టపగలు ఫోన్!" అంది రాగిణి.

"చిన్న డౌట్. శాంపిల్ తీసేముందు పైన క్లీన్ ఎలా చేసేదానివి?"

"క్లీన్ ఏముంది? చొప్పని రెండు చేతులతో అటూ ఇటూ నెట్టేదాన్ని. పాపిడి తీస్తాం చూడు, అలాగ. కింద నల్లగా కనిపించగానే ప్రోబ్ దింపెయ్యడమే. ఎందుకే?"

"పార వాడేదానివి కాదా?"

"అయ్యో, పార పెడితే పైన క్రీమంతా పోదూ!" రాగిణి నవ్వి, చటుక్కున ఆగింది. "ఉమా, నువ్వేమైనా గీకావా?"

"లేదులే. మాన్యువల్‌లో ఏదో రాసి ఉంటే అడిగాను."

మాన్యువల్‌లో 'ఉపరితలం శుభ్రం చేయాలి' అని ఒక్క ముక్కే ఉంది. ఎంత శుభ్రమో ఎవరూ రాయలేదు. రాయనక్కర్లేదనుకున్నారు. ఉమలాంటి మనిషి వస్తుందని వాళ్ళకేం తెలుసు!

ఆ సాయంత్రం ఆమె వంటగదిలో సింక్ తోముతూనే భానుకి అంతా చెప్పింది. అతను ల్యాప్‌టాప్ మూసి స్టూల్ లాక్కుని కూర్చున్నాడు.

"ఎన్ని పొలాలు చేశావు ఇట్లా?"

"నలభై ఒకటి. అందులో పదకొండింటికి ఉత్తరాలు వెళ్ళాయి, దున్నారని. మిగతావాటికి పెరగాల్సినంత పెరగలేదని రాశారు."

"చెప్తే ఏమవుతుందో తెలుసు కదా" అన్నాడు భాను.

"తెలుసు."

"నీ ఉద్యోగం కూడా పోతే అరవై రోజులే ఉమా. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. నేను ఆర్నెల్ల నుంచి వెతుకుతున్నా, ఏమైంది?"

"అయితే చెప్పొద్దంటావా?"

"వద్దనట్లేదు. నాకు భయంగా ఉంది, అంతే. అదైనా చెప్పుకోవద్దా?"

ఉమ తోముతూనే ఉంది. సింక్ ఎప్పుడో తళతళలాడుతోంది. భాను లేచి వచ్చి ఆమె చేతిలోంచి పీచు తీసుకుని పక్కన పెట్టాడు.

*

బుధవారం దామోదర్ మొత్తం విన్నాడు. మధ్యలో లేచి తలుపు వేసి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"ఇంకెవరికన్నా చెప్పినవా?"

"ఇంట్లో చెప్పాను."

"ఆఫీసుల?"

"లేదండీ."

అతను కణతలు రుద్దుకున్నాడు. చెడ్డమనిషి కాదు దామోదర్. ఉమ చేరిన కొత్తలో అపార్ట్‌మెంట్ దొరికేదాకా వాళ్ళింట్లో పదిరోజులు ఉంచుకున్నాడు. కృష్ణకుమారి గారు, అతని భార్య, ఇప్పటికీ గోంగూర పచ్చడి పంపిస్తుంది. అందుకే అతని ముందు తప్పు ఒప్పుకోవడం ఉమకి ఇంకా కష్టమైంది.

"సరే, జరిగిందేదో జరిగింది" అన్నాడు. "ముసలామె పొలం మళ్ళ శాంపిల్ తీయి. కారణం కాలమ్‌ల 'మట్టిల తేమ ఎక్కువుండె' అని రాయి. రిజల్ట్ మంచిగొస్తది, ఆమె ఖుష్, మనం ఖుష్."

"మరి మిగతా పదిమంది?"

"వాళ్ళు ఫోన్ చేయలే కదా."

ఉమకి అర్థం కాలేదు. "అంటే?"

"అంటే వాళ్ళు ఒప్పుకున్నట్లే ఉమా. ఉత్తరం తీస్కున్నరు, ఊకున్నరు. నలభై ఒక్క పొలాలు తప్పని మనమే పోయి చెప్తే ఈ కంపెనీ ఉంటదా? నేనుంటనా, నువ్వుంటవా? ఇరవై ఆరు మంది ఉన్నం ఈడ, సగం మంది వీసాలోళ్ళే. జర ఆలోచించు."

సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. ఉమ ఎక్స్‌టెన్షన్ ఉత్తరం. ఆమె చూస్తుండగానే సంతకం పెట్టాడు. "సోమవారం లాయర్‌కి పంపిస్త. నువ్వు నిశ్చింతగుండు" అని మళ్ళీ సొరుగులో పెట్టి మూశాడు.

బెదిరించినా బాగుండేది. ఆప్యాయంగా పెట్టిన ఆ సంతకానికి ఎదురు చెప్పలేకపోయింది. "థాంక్సండీ" అని బయటికి వచ్చింది. అన్నందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

గురువారం థాంక్స్‌గివింగ్ సెలవు. పొద్దున కందిపప్పు ముందేసుకుని కూర్చుంది గానీ ఏరడానికి చేతులు రాలేదు. మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో ఆ పదిమంది ఫైళ్ళు తెరిచింది. ఒకాయన వయసు ఎనభై ఒకటి. ఇంకొకరు అన్నదమ్ములు, తొమ్మిదేళ్ళుగా దున్నడం మానేసినవాళ్ళు. ఒక ఫైల్లో ఉత్తరం అందినట్టు సంతకం, దాని కింద పెన్సిల్‌తో ఒకటే వాక్యం: 'మేము దున్నలేదు.' అంతే. ఫోన్ చేయలేదు, ఏం లేదు. పెన్సిల్‌తో రాసి ఊరుకున్నారు.

ఎన్ని పొలాల్లో నాగళ్ళు దిగబోతున్నాయో ఆమెకి తెలియదు. ఎలాగూ అబద్ధాలకోరు అనిపించుకున్నాక ఇంకెందుకీ తిప్పలని వాళ్ళే దింపుతారేమో కూడా తెలియదు. భాను రెండుసార్లు వచ్చి అన్నం తినమన్నాడు. రెండోసారి ప్లేటు అక్కడే పెట్టి వెళ్ళాడు.

*

శుక్రవారం తొమ్మిదింటికల్లా ఉమ పొలంలో ఉంది. రాత్రి మంచు పడి కొయ్యకాళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి. రోడ్డవతల డెకర్ ట్రాక్టర్‌కి నాగలి తగిలించుకుని ఇంజన్ వేడి చేస్తున్నాడు. గ్యారీ మధ్యాహ్నం వచ్చి ఊఁ అంటే చాలు, సాయంత్రానికి పని ముగించేస్తాడు.

ఎలీన్ అడక్కుండానే సంచులు పట్టుకుని వెంట నడిచింది. ఉమ పాత చదరానికి రెండడుగుల అవతల మోకాళ్ళమీద కూర్చుంది. పార సంచీలోనే వదిలేసింది. చేతి తొడుగులు విప్పి, చొప్పలో పది వేళ్ళూ దూర్చి, పాపిడి తీసినట్టు అటూ ఇటూ నెట్టింది. కింద నల్లటి నేల కనిపించింది. నలుసులున్నాయి, గడ్డి వేర్లున్నాయి, ఒక వానపాము ముడుచుకుంటోంది. ఆమె చేతులు అలవాటుగా ఇంకొంచెం శుభ్రం చేయబోయాయి. వెనక్కి లాక్కుంది. వానపాముని మాత్రం వేలితో తప్పించి ప్రోబ్ దించింది.

గొట్టంలోంచి వచ్చిన మట్టి పైన నల్లగా, కిందికి పోయేకొద్దీ గోధుమరంగులో ఉంది. ఆ పైన నలుపు అక్టోబర్‌లో ఒక్క గొట్టంలోనూ లేదు.

నాలుగో చోట ఆమెకి ఇంక ఆగబుద్ధి కాలేదు. మోకాళ్ళమీదే తిరిగి, "మీకో మాట చెప్పాలండీ" అంది. "మీరు దున్నలేదు. నేను పైపొర గీకి పారేశాను. తప్పు నాది. మంగళవారమే చూశాను. చూసి కూడా మీకు చెప్పకుండా వెళ్ళిపోయాను."

ఎలీన్ సంచి మూతి చుడుతూ, "తెలుసు" అంది.

"తెలుసా?"

"అక్టోబర్‌లో మీరు గీకుతుంటే కిటికీలోంచి చూశాను. తప్పు చేస్తోందే ఈ పిల్ల అనుకున్నాను. చెబుదామని మెట్లు దిగాను కూడా. మీరేమో అంత శ్రద్ధగా, ఒక్కో నలుసూ ఏరుతున్నారు. చదువుకున్న మనిషి, ఇదేదో కొత్త పద్ధతేమో, నేనెవర్ని చెప్పడానికి అని లోపలికి వెళ్ళిపోయాను. అప్పుడే నోరు తెరిచి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు."

"మరి ఫోన్ చేసినప్పుడు మా ఆఫీసులో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీ పేరు చెప్పాలిగా. ఆ మాట ఎవరో చెప్పగా మీ వాళ్ళు వినడం వేరు, మీరు చూసి చెప్పడం వేరు. అందుకే రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి ఒకటే అడిగాను. ఆ అమ్మాయినే మళ్ళీ పంపండి అని. పొలంలోకి వస్తే మీకే కనిపిస్తుందనుకున్నాను." ఆవిడ కాస్త ఆగి, "మంగళవారం మీరు వెళ్ళిపోయినప్పుడు మాత్రం, ఇక రారనుకున్నాను" అంది.

ఉమ ముక్కు తుడుచుకోబోయి బుగ్గంతా మట్టి చేసుకుంది. ఎలీన్ జేబులోంచి చేతిరుమాలు తీసి ఇచ్చింది, పనిలో పనిగా ఇంకో సంచి విప్పి పట్టుకుంది. ఇంకా పదహారు చోట్లున్నాయి.

పదకొండున్నరకి అన్నీ అయ్యాయి. వరండా మెట్ల మీద కూర్చుని ఉమ ట్యాబ్ తెరిచింది. 'మళ్ళీ శాంపిల్ తీయడానికి కారణం' అన్న గడి దగ్గర వేలు ఆగింది. ఇక్కడ రాసింది ఆఫీసుకీ, కంపెనీ లెక్కల్ని తనిఖీ చేసే బయటి ఆడిటర్‌కీ ఒకేసారి వెళ్తుంది. వెనక్కి తీసుకోవడం ఉండదు. దామోదర్ సొరుగులో కాగితం కళ్ళముందు కదిలింది. స్టూల్ మీద కూర్చున్న భాను కనిపించాడు. తేమ అని రాస్తే ఈవిడ పొలం దక్కుతుంది, తన కాగితమూ దక్కుతుంది. పెన్సిల్‌తో రాసి ఊరుకున్నవాళ్ళ కోసం ఎవరు ఫోన్ చేస్తారు?

'అక్టోబర్‌లో శాంపిల్స్ తీసిన ఉమామహేశ్వరి అనే నేను, నలభై ఒక్క పొలాల్లోనూ పై అంగుళం మట్టిని పొరపాటున తీసివేశాను. ఆ ఫలితాలు చెల్లవు. దున్నారని ఉత్తరాలు అందుకున్న పదకొండుమంది రైతులూ దున్నినట్టు ఆధారం ఏదీ లేదు' అని రాసింది. మట్టి అంటిన వేళ్ళతో కొడుతుంటే రెండు చోట్ల అక్షరాలు తప్పుపడ్డాయి. దిద్దలేదు. పంపేసింది.

ఆ పేజీని ఎలీన్ తన ఫోన్‌తో ఫోటో తీసి గ్యారీకి పంపింది. పావుగంటకి అతను దారిలోంచే ఫోన్ చేశాడు. కొత్త రిజల్ట్ రావడానికి ఎన్నాళ్ళని అడిగాడు. రెండు వారాలని ఉమ చెప్పింది. అయితే అప్పటిదాకా ఆగుదామన్నాడు. ఎలీన్ ఫోన్ పెట్టేసి ఆకాశం వంక చూసింది.

"రెండు వారాలకి నేల రాయిలా గడ్డకడుతుంది. ఈ ఏడాదికి నాగలి దిగదు" అంది. రోడ్డవతల ట్రాక్టర్ ఇంకా దడదడమంటూనే ఉంది. కాసేపటికి అదీ ఆగింది.

అప్పుడు మోగింది ఉమ ఫోన్. దామోదర్.

ఉమ చేతులు చూసుకుంది. గోళ్ళనిండా నల్లటి మట్టి. ఎలీన్ లేచి వెళ్ళబోయింది. ఉండండన్నట్టు ఉమ ఆవిడ కోటు పట్టుకుంది. ఆ చేతులతోనే ఫోన్ ఎత్తింది.

"ఉమా, ఏంది ఇది? ఏం పంపినవ్? ఆడిటర్ నాకు ఫోన్ చేసిండు. నీకేమన్నా పిచ్చి లేచిందా? సోమవారం నేను లాయర్‌కి ఏం పంపాలె, చెప్పు?"

"మీ ఇష్టం దామోదర్ గారూ" అంది ఉమ. "పదకొండుమందికీ ఇవాళే ఫోన్ చేయాలండీ. నేల గడ్డకట్టేలోపు వాళ్ళలో ఎవరైనా దున్నేస్తే మనం ఏం చేయలేం. ఇక్కడ ఒక్కరికి చెప్పేశాను. మిగతా పది పేర్లూ నా దగ్గరున్నాయి. సగం మీరు చేయండి, సగం నేను చేస్తాను. పెన్ను ఉందా?"

అవతల సొరుగు లాగిన శబ్దం వినిపించింది.

"చెప్పు" అన్నాడు దామోదర్.